'బాగుండా' వెనక దాగిన మాట

ఆదివారం సాయంత్రం ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని చూస్తుంటాను. భుజాన పుస్తకాల సంచి, చేతిలో పచ్చడి డబ్బా. నంద్యాల హాస్టళ్లలో ఉండి ఇంటర్ చదివే పిల్లలు. మళ్లీ ఫోన్ చేసినప్పుడు అమ్మ "ఎట్లుండావు నాయనా?" అంటుంది. "బాగుండా" అంటాడు కొడుకు. వారమంతా ఏం జరిగినా ఇంటికి చేరే మాట అదొక్కటే.

దాచాలని కాదు. పదహారేళ్లప్పుడు భయం, సిగ్గు చెప్పుకోవడానికి నోరు రాదు. అందుకే ఆ పుస్తకాల సంచిలో ఒక నవల కూడా పెట్టండి. కథలోని మనిషే "నేను" అంటూ తన సంగతి చెప్పుకునే నవలైతే మరీ మంచిది.

తెలుగులో క్రియ చివరే మనిషి ఉంటాడు. "భయపడ్డాడు" అని చదివితే ఆ భయం ఇంకెవరిదో అనిపిస్తుంది. "భయపడ్డాను" అని చదివితే ఆ మాట చదివేవాడి నోటి నుంచే వస్తుంది. ఇంట్లో అనలేని మాటను పుస్తకం చాటున అనడం అలవాటవుతుంది.

మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరతాడు. ఆడవాళ్ల టోపీ అని తెలియక కొనుక్కుంటాడు. నలుగురూ నవ్వుతారు. అదంతా తనే దాచకుండా చెప్తాడు. మెస్సులో పళ్లెం పట్టుకుని ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడిన పిల్లవాడికి ఈ వందేళ్ల నాటి కుర్రాడు తోడవుతాడు. తెలియకపోవడం తప్పు కాదని ఎవరూ బోధించకుండానే అర్థమవుతుంది.

నవల పెద్దదనిపిస్తే సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కతలు' ఇవ్వండి. నామిని 'పచ్చనాకు సాక్షిగా' ఇవ్వండి. వాటిలో చిన్నపిల్లలే తమ కథ చెప్తారు. నామినిది చిత్తూరు పల్లె మాట. మన పిల్లల చెవికి అది చుట్టాలింటి మాటలాగే ఉంటుంది.

ముందు మీరు చదవండి. తర్వాత "నీతి ఏమిటి? ఎన్ని పేజీలు అయినాయి?" అని అడగొద్దు. "నీకూ ఇట్లా అయిందా?" అని నిలదీయొద్దు. పార్వతీశం గురించే మాట్లాడండి. "ఇదే సంగతి వాళ్ల నాయన చెప్పుంటే ఎట్లా చెప్పేవాడో?" అని మాత్రం ఒకసారి అడగండి. "నేను" అని చెప్పేవాడికి కనిపించేది ఒక పక్కేనని, రెండో పక్కన ఇంట్లోవాళ్లు ఉంటారని పిల్లలకు అప్పుడు తడుతుంది.

తొందరపడొద్దు. ఏదో ఒక వారం "బాగుండా" తర్వాత ఫోన్లో కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత "మా, మొన్న క్లాసులో భయపడినాను" అని వినిపిస్తుంది. "భయమెందుకు రా" అని తోసెయ్యకండి. "ఊఁ, చెప్పు నాయనా" అనండి.