నల్లా నీళ్లు: తాగే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో ఉచిత నీటి పథకం కింద అర్హులైన ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు బిల్లు ఉండదు. బిల్లు లేకపోయినా జాగ్రత్త మాత్రం ఉండాలి.

నీళ్లు ఎక్కడ పాడవుతాయి?
జలమండలి నీటిని శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి వదులుతుంది. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గి, పగుళ్ల గుండా మురుగు లోపలికి చేరవచ్చు. నల్లాకు నేరుగా మోటార్ పెడితే ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

మీరేం చేయాలి?
• నల్లా రాగానే మొదటి బిందె తాగడానికి పట్టకండి. బాత్రూం కడగడానికి వాడండి.
• రంగు మారినా, వాసన వచ్చినా తాగొద్దు. 155313కు ఫోన్ చేయండి.
• వానాకాలంలో నీళ్లు మసిలాక మరో నిమిషం ఉంచి, చల్లార్చి మూత పెట్టండి.
• చలివేంద్రంలో కాడ ఉన్న గరిటతోనే తీసుకోండి. గ్లాసు కుండలో ముంచొద్దు.

పిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగిస్తూ బస్తీ దవాఖానాకు తీసుకెళ్లండి.