బండి మీద సోలార్: పల్నాడులో బతుకుతెరువయ్యే పని

కోటప్పకొండ తిరునాళ్లలో జనమంతా తలెత్తి ప్రభల లైటింగు చూస్తారు. వెనకాల జనరేటర్ దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం తెల్లారేదాకా మీటరు వైపే చూస్తుంటాడు. లైను లేనిచోట కరెంటు పుట్టించి, ఆగకుండా నిలబెట్టే పని పల్నాడుకు కొత్తేమీ కాదు. ఇప్పుడు డీజిల్ పక్కన ఎండ కూడా వచ్చి చేరింది. పదో తరగతో, ఐటీఐనో, డిప్లొమానో అయ్యాక ఏం చేయాలా అని చూస్తున్నవాళ్లు పట్టించుకోదగ్గ పని ఒకటి ఇందులో ఉంది. కదిలే బండ్ల మీద సోలార్ ఛార్జింగ్ బిగించడం, అది మొరాయించినప్పుడు తప్పెక్కడుందో పట్టుకోవడం.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో కారు వెనక తగిలించుకుని సెలవులకు వెళ్లే క్యారవాన్ ట్రైలర్లు బోలెడు. వాటి మీద ప్యానెళ్లు బిగించడం, రిపేరు చేయడం అక్కడ పెద్ద వ్యాపారం. మనకు క్యారవాన్ అంటే సినిమావాళ్ల బండి. కాస్త వయసు మళ్లినవాళ్లకైతే 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం. పక్కనే కేరళ 2021లో క్యారవాన్ టూరిజానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. నాగార్జునసాగర్, ఎత్తిపోతల చూడటానికి వచ్చేవాళ్లూ రేపు అలాంటి బండ్లలో దిగొచ్చు. అయితే అవి వస్తాయని మాచర్లలో షట్టరు అద్దెకు తీసుకుని కూర్చుంటే పస్తులే. ఆ పనిలోని విద్యను నేర్చుకుని, మన దగ్గర ఉన్న బండ్ల మీద చూపించాలి.

మన దగ్గర బండ్లకు కొదవలేదు. సాయంత్రం పూట రోడ్డు పక్కన ఆగే టిఫిన్ వ్యాన్లు, జ్యూస్ బండ్లు, ఊరూరా తిరిగే మైకు బండ్లు ఉన్నాయి. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నం, సిమెంటు మోసే లారీల క్యాబిన్లో ఫ్యాను తిరగాలి. కళ్లంలో మిరపకాయలకు కాపలా ఉండే పాకలో రెండు లైట్లు, ఒక సెల్‌ఫోన్ ఛార్జింగ్ ఉండాలి. పాక కదలదుగానీ లోపలి సర్క్యూట్ బండిదే. చేలల్లో మందు కొట్టే డ్రోన్లవాళ్లు కూడా వచ్చి అడుగుతారు. వాళ్లకు మాత్రం కుదరదని ముందే చెప్పేయాలి. పది, పదిహేను నిమిషాలకో బ్యాటరీ సెట్టు ఖాళీ చేసే యంత్రానికి బండి పైకప్పు మీద పట్టే రెండు ప్యానెళ్లు ఏ మూలకూ రావు. అక్కడ జనరేటరే దిక్కు. కుదరని పనికి అడ్వాన్సు పుచ్చుకోనివాడి ఫోన్ నంబరే పదిమందికీ చేరుతుంది.

లెక్క ఎలా వేస్తారో చూద్దాం. నరసరావుపేటలో సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా నడిచే టిఫిన్ వ్యాను ఒకటి ఉందనుకోండి. వంట గ్యాస్ మీదే. 40 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు ఆరు గంటలకు 240 వాట్-అవర్లు. పొగ లాగే 30 వాట్ల ఫ్యాను 180. చిన్న డీసీ ఫ్రిజ్ రోజు మొత్తం మీద ఓ 500. ఫోన్లు, డబ్బులు పడ్డాయని చెప్పే సౌండ్ బాక్సు కలిపి 80. అంటే రోజుకు 1,000 వాట్-అవర్లు, కరెంటాఫీసు భాషలో ఒక యూనిట్. పైన 200 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే, ఐదు గంటల నిండు ఎండ లెక్కన కాగితం మీద 2,000 వస్తాయి. వేడి, దుమ్ము, వైరు నష్టాలు, ప్యానెల్ వాలుగా కాక పైకప్పు మీద పడుకుని ఉండటం, ఇవన్నీ తీసేస్తే చేతికొచ్చేది 1,300 దగ్గర. సరిపోతుంది. వానాకాలంలో సరిపోదు. ఆ సంగతీ చెప్పాలి. బ్యాటరీ 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ లెడ్ రకం అయితే లోపల 1,800 వాట్-అవర్లు ఉంటాయిగానీ, సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 100 ఏహెచ్‌లోనే 1,000కి పైగా ధైర్యంగా వాడుకోవచ్చు. ఖరీదు ఎక్కువ, బరువు తక్కువ. బండికి బరువూ ముఖ్యమే.

ఈ లెక్క పావుగంటలో నేర్చుకోవచ్చు. బిగించడం ఒక నెలలో వస్తుంది. తప్పు పట్టుకోవడానికే ఏళ్లు పడతాయి, డబ్బులూ అక్కడే ఉన్నాయి.

అదే వ్యాను ఆరు నెలల తర్వాత మీ దగ్గరకొచ్చింది. ‘తొమ్మిదయ్యేసరికి లైట్లు డల్ అయిపోతున్నాయన్నా, బ్యాటరీ పోయినట్టుంది’ అంటాడు యజమాని. ఇక్కడ చాలామంది బ్యాటరీ మార్చేస్తారు. కొత్తది రెండు వారాలు బాగానే నడిచి మళ్లీ అదే కథ. మీరు మధ్యాహ్నం పన్నెండుకు రమ్మనండి. రాత్రి తెచ్చిన బండిలో ఛార్జింగ్ తప్పు దొరకదు. ముందు ప్యానెళ్ల కనెక్షన్ విప్పి, విడివైర్ల మీద వోల్టేజీ చూడండి. వెనక స్టిక్కర్ మీద 24 అని ఉంటే మీటరు 21 చూపిస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఇక్కడే ప్యానెల్ చెడిపోయిందని తీర్పు చెప్పేస్తారు. చెడిపోలేదు. స్టిక్కర్ మీది అంకె 25 డిగ్రీల దగ్గర తీసింది. మే నెలలో రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ వార్త. అక్కడ రేకు మీద పడుకున్న ప్యానెల్ 65 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి వోల్టేజీ నూటికి పది, పన్నెండు వంతులు, పవర్ దాదాపు పద్నాలుగు వంతులు పడిపోతాయి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ, వేడి ఎక్కువైతే తక్కువ. మన ఊళ్లో రెండూ కలిసే వస్తాయి. అందుకే ప్యానెల్‌ను పైకప్పుకు అంటించేయకుండా, కింద గాలి ఆడేలా నాలుగు వేళ్ల ఎత్తున బ్రాకెట్ల మీద పెట్టాలి.

తర్వాత ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్ దగ్గరికి రండి. డిస్‌ప్లే మీద 14.4 వోల్టులు, 20 ఆంపియర్లు. బ్రహ్మాండంగా ఉన్నట్టే. ఇప్పుడు మీటరు తీసుకెళ్లి నేరుగా బ్యాటరీ టెర్మినల్ మీద పెట్టండి. 13.4. మధ్యలో ఒక వోల్టు ఎటు పోయింది? వైరులో పోయింది. ఇంటి వైరింగులో మిగిలిన 4 చదరపు మిల్లీమీటర్ల వైరును ఐదు మీటర్ల దూరానికి లాగారు. పోను ఐదు, రాను ఐదు, మొత్తం పది మీటర్లు. ఆ వైరు 20 ఆంపియర్ల దగ్గర సుమారు 0.95 వోల్టు తినేస్తుంది. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ పట్టదు. 12 వోల్టుల్లో అదే పెద్ద దెబ్బ. దూరపు చేనుకు సన్నపైపు వేసి, నీళ్లు రావడం లేదని మోటారును తిట్టుకోవడం లాంటిదే ఇదీ. కంట్రోలర్ తన దగ్గర 14.4 కనబడగానే బ్యాటరీ నిండవచ్చిందనుకుని కరెంటు తగ్గించుకుంటూ పోతుంది. నిండేలోపు పొద్దు వాలిపోతుంది. సగం నిండిన బ్యాటరీ రోజూ సగం దగ్గరే ఆగితే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, చివరికి నిజంగానే చచ్చిపోతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, కంట్రోలర్‌ను బ్యాటరీ దగ్గరికి జరిపితే తీరిపోయే జబ్బు ఇది.

వైరు లావుగానే ఉన్నా వోల్టు పోతోందంటే జాయింట్లను అనుమానించాలి. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి ఫ్యూజు హోల్డరుకు అటూ ఇటూ, వైరు చివర బిగించే ప్రతి లగ్గుకు అటూ ఇటూ కొలవండి. ఎక్కడ అంకె ఎగిరితే అక్కడే తప్పు. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా బండి ఎగిరెగిరి వచ్చాక, మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు నిలవదు. లగ్గును కట్టింగ్ ప్లయర్‌తో నొక్కితే అది క్రింపింగ్ అనిపించుకోదు. దానికి వేరే టూలు ఉంది, కొనాల్సిందే.

అమెరికా వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. వాళ్ల భయమంతా మంచు. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీ ఛార్జ్ చేయకూడదని పదే పదే చెబుతారు. మనకు తలనొప్పి ఇంకోవైపు నుంచి వస్తుంది. మూసేసిన వ్యానులో, ఇంజను పక్కన పెట్టిన లిథియం బ్యాటరీ వేడి హద్దు దాటితే దాని లోపలి రక్షణ బోర్డు ఛార్జింగ్ ఆపేస్తుంది. మధ్యాహ్నం ఆగి సాయంత్రం దానంతటదే బాగవుతుంది కాబట్టి ఈ తప్పు దెయ్యంలా ఏడిపిస్తుంది. లెడ్ బ్యాటరీ అయితే వేడిలో ఛార్జింగ్ వోల్టేజీ తగ్గించాలి. కంట్రోలర్‌కు టెంపరేచర్ సెన్సర్ ఉందో లేదో చూడాలి, డిస్టిల్డ్ వాటర్ తరచూ పోయాలి. ఇక పిడుగురాళ్ల చుట్టుపక్కల తిరిగే బండ్ల సంగతి వేరు. సున్నం, సిమెంటు దుమ్ము తెల్లవారుజామున మంచుకు తడిసి ప్యానెల్ మీద పొరలా గట్టిపడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే అద్దం గీసుకుపోతుంది. ఎండెక్కకముందే నీళ్లు పోసి నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడగాలని డ్రైవర్‌కు చేసి చూపించాలి.

ప్రాణం మీదికి తెచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే, ఒక జానెడు దూరంలో ఉండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని డీసీ లైనుకు పెట్టకూడదు. డీసీలో లేచిన నిప్పురవ్వ అంత తేలిగ్గా ఆరదు. బిగించేటప్పుడు కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఇది తిరగేసి కాల్చిన కంట్రోలర్లకు వారంటీ ఉండదు.

అన్నం పెట్టే పని ఏది

బండ్ల పని ఒక్కటే నమ్ముకుంటే మొదటి రెండేళ్లు గడవదు. ఇళ్ల పైకప్పుల మీద సోలార్ బిగించే పని నెల జీతం తెస్తుంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు పైన అయితే 78,000 రూపాయల రాయితీ. మన జిల్లా విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ పరిధిలో ఉంది. అక్కడ నమోదైన వెండర్లే ఈ పని చేయాలి. వాళ్లకు మేడ ఎక్కే మనుషులు కావాలి. ఆ వెండర్ దగ్గర ఏడాది, రెండేళ్లు హెల్పర్‌గా చేస్తే స్ట్రక్చర్, ఎర్తింగ్, నెట్ మీటరింగ్ కాగితాలు అన్నీ తెలుస్తాయి. పొలాలకు సోలార్ పంపుసెట్ల కోసం 2019లో వచ్చిన పీఎం కుసుమ్ మరో దారి.

చదువు సంగతి. పది పాసైతే ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు అన్నింటికన్నా గట్టి పునాది. సోలార్ టెక్నీషియన్ అనే ఏడాది ట్రేడు కూడా ఉందిగానీ, ఎంచుకునే వీలుంటే నేను ఎలక్ట్రీషియన్‌నే ఎంచుకోమంటాను. సోలార్ మందగించినా మోటార్లు, వైరింగు ఎక్కడికీ పోవు. పాలిసెట్ రాసి మూడేళ్ల ఈఈఈ డిప్లొమా చేసినవాళ్లకు డిజైన్, సైట్ సూపర్‌వైజర్ పనులు దొరుకుతాయి. ఐటీఐ తర్వాత జాతీయ సౌరశక్తి సంస్థ రూపొందించిన సూర్యమిత్ర శిక్షణ ఉంది. 600 గంటల కోర్సు. కొత్త బ్యాచ్‌ల ప్రకటన కోసం ఆ సంస్థ వెబ్‌సైటు, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ప్రకటనలు గమనిస్తూ ఉండండి. ప్రభుత్వ వైర్‌మన్ పర్మిట్ కూడా తెచ్చుకోండి. సొంతంగా ఇళ్ల పనులు పట్టేటప్పుడు మొదట అడిగేది అదే. బీటెక్ ఈఈఈ చదివి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు కూడా ఇటు రావొచ్చు, కాకపోతే నిచ్చెన ఎక్కడానికి నామోషీ పడకూడదు. అమ్మాయిలకు మేడలెక్కే పని ఎందుకు అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అయితే కంట్రోలర్ సెట్టింగులు, బ్యాటరీ పరీక్షలు, సర్వీసింగ్ మేడెక్కకుండా షాపులో బల్ల మీద చేసే పనే.

చేతిలో ముందు ఉండాల్సినవి మూడు. మంచి మల్టీమీటరు, డీసీ కరెంటు కొలిచే క్లాంపు మీటరు, క్రింపింగ్ టూలు. క్లాంపు మీటరు కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు కొలుస్తుందో లేదో షాపులోనే చూడండి. చవకవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి.

బండి మీద పని ఒప్పుకునే ముందు ఆర్సీ అడిగి చూడండి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పైకప్పు ఎత్తు, బండి బరువు మారేంత పనైతే రవాణా శాఖ అనుమతి యజమాని తెచ్చుకోవాలని బిల్లు మీదే రాయండి. ఏ వైరు, ఏ సైజు, ఏ ఫ్యూజు, కంట్రోలర్ సెట్టింగు ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి బ్యాటరీ పెట్టె మూత లోపల అతికించండి. దాని కింద మీ ఫోన్ నంబరు ఉండాలి. మళ్లీ తప్పొచ్చినప్పుడు బండి యజమాని మూత తీస్తే మొదట కనబడేది అదే.