దంతవైద్య విద్య – ముందస్తు సన్నాహం

పాఠ్యభాగ ఉద్దేశం: అమెరికాలో దంతవైద్య కళాశాలల ప్రవేశానికి డిగ్రీ విద్యార్థులు చేసే సన్నాహాన్ని తెలపడం, వృత్తిని ఎంచుకొనే ముందే దాని స్వభావాన్ని తెలుసుకోవాలని బోధించడం.

'పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం' అని తెలుగు సామెత. ఒకప్పుడు దంతవైద్యం ఇంచుమించు ఆ స్థితిలోనే ఉండేది. ఐరోపాలో క్షురకులే పళ్లు పీకేవారు. అమెరికాలో ఈ పని నేర్వదలచినవారు అనుభవజ్ఞుల వద్ద శిష్యరికం చేసేవారు. 1840లో హొరేస్ హేడెన్, చాపిన్ హారిస్ అనే వైద్యులు బాల్టిమోర్ నగరంలో ప్రపంచపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. నాటి నుండి దంతవైద్యం శాస్త్రవిద్యగా ఎదిగింది.

మన రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన బైపీసీ విద్యార్థి నీట్ పరీక్ష ద్వారా నేరుగా బి.డి.యస్. కోర్సులో చేరవచ్చు. అమెరికాలో సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ తరువాతనే నాలుగేళ్ల దంతవైద్య విద్య. డిగ్రీలో చరిత్రను గాని సంగీతాన్ని గాని ప్రధానాంశంగా చదివినా అభ్యంతరం లేదు. అయితే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం వంటివి ప్రయోగాలతో సహా అభ్యసించి ఉండాలి.

దీనికి తోడు 'డాట్' అనే ప్రవేశపరీక్ష ఉంటుంది. ప్రకృతి శాస్త్రాలు, పఠనావగాహన, గణితంతోపాటు దృశ్యగ్రహణ శక్తిని పరీక్షించే భాగం ఇందులో ప్రత్యేకమైనది. మడిచిన కాగితానికి రంధ్రం చేసి విప్పితే రంధ్రాలు ఎక్కడెక్కడ కనిపిస్తాయి? కొన్ని కోణాలలో చిన్నది ఏది? ఇటువంటి ప్రశ్నలు అడుగుతారు. ఇవి వినోదానికి ఇచ్చిన చిక్కుముడులు కావు. పైదవడ వెనుక పళ్లను వైద్యుడు తరచుగా చిన్న అద్దంలోనే చూడవలసి ఉంటుంది. తారుమారైన ఆ ప్రతిబింబాన్ని చూస్తూనే పరికరాన్ని నడపాలి. చూపు తప్పితే పంటిలోని నరం గాయపడుతుంది. అందుచేత పలువురు విద్యార్థులు చిత్రలేఖనం, శిల్పం, వాద్యసంగీతం వంటివాటి ద్వారా హస్తలాఘవాన్ని పెంపొందించుకుంటారు.

అంతకన్న ముఖ్యమైనది పరిశీలన. విద్యార్థి వైద్యునికి నీడలా వెంట ఉండి, చికిత్సను గంటల తరబడి గమనిస్తాడు. కుర్చీలో కూర్చొని వణికే పసిబిడ్డను, డబ్బులేక నొప్పిని ఓర్చుకొని ఆలస్యంగా వచ్చిన వృద్ధుని చూస్తాడు. అక్కడ వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్యబీమా సాధారణ దంతచికిత్సలకు సామాన్యంగా వర్తించదు. మెడ వంచి రోజంతా చేసే ఈ పని తనకు సరిపడదని గ్రహించి మరో మార్గం ఎంచుకొనేవారూ ఉంటారు. అది ఓటమి కాదు, వివేకం.

దరఖాస్తులో మార్కులతోపాటు అధ్యాపకుల సిఫారసు లేఖలు, దంతవైద్యుడు కాదలచిన కారణాన్ని తెలిపే స్వీయ వివరణ ఉండాలి. పిమ్మట కళాశాలలు మౌఖిక పరీక్షకు పిలుస్తాయి.

అమెరికా దంతవైద్య విద్యతో మన దేశానికి అనుబంధం ఉంది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ అయోవా విశ్వవిద్యాలయంలో చదివి 1915లో పట్టా పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి, 1920లో కలకత్తాలో భారతదేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు.

నేడు మన విద్యార్థులలో కొందరు ఎం.బి.బి.యస్. సీటుకు ర్యాంకు చాలక, అయిష్టంగా బి.డి.యస్.లో చేరుతున్నారు. నీట్ పరీక్ష చేతి నేర్పును అడగదు. రోగిపట్ల ఓర్పునూ అడగదు. మొదటి సంవత్సరంలో మైనపు దిమ్మెను పంటి ఆకారంలో చెక్కవలసి వచ్చినప్పుడు గాని వారికి ఆ వృత్తి స్వభావం తెలియదు. కనుక సీటు ఎంచుకొనే ముందే, అనుమతి పొంది, సమీపంలోని దంతవైద్యశాలలో కొన్ని రోజులు గడపడం మేలు. పరీక్ష అడగని ప్రశ్నను విద్యార్థి తనకు తానే వేసుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు
సన్నాహం = సంసిద్ధత
పఠనావగాహన = చదివి అర్థం చేసుకోవడం
హస్తలాఘవం = చేతి నేర్పు
పిమ్మట = తరువాత

ప్రశ్నలు
1. 'డాట్' పరీక్షలో దృశ్యగ్రహణ శక్తిని ఎందుకు పరీక్షిస్తారు?
2. వైద్యుని వెంట ఉండి పరిశీలించడంవల్ల విద్యార్థికి కలిగే ప్రయోజనాలేవి?
3. 'అది ఓటమి కాదు, వివేకం' – సందర్భసహితంగా వివరించండి.