దీనులను ఏర్పరచుకొనే దేవుడు

ఆగమన కాలపు పాఠము
చదువవలసిన వాక్యభాగములు: మీకా 5:2, లూకా 1:26–56, 2:1–24, 1 కొరింథీయులకు 1:26–31



ఆగమన కాలము మరల వచ్చినది. చెన్నైలో వానలు ఇంకా పూర్తిగా వెనుదీయక మునుపే మన ఇండ్లమీద నక్షత్రాలు వెలుగుతాయి. యౌవనస్థులు క్యారల్సుకు బయలుదేరుతారు. స్త్రీల సమాజమువారు పేదలకు చీరలు కొనే పనిలో ఉంటారు. ఇవన్నీ మంచివే. అయితే ఈ సందడిలో ఒక ప్రశ్న మరుగున పడకూడదు. ప్రభువు ఈ లోకమునకు వచ్చినప్పుడు ఎవరిని వెదకికొని వచ్చెను? నేడు ఆయన వస్తే మన మధ్య ఎవరి ప్రక్కన కూర్చుండును?

1. బేత్లెహేములో దేవుని ఎన్నిక

మెస్సీయ పుట్టవలసిన స్థలముగా మీకా ప్రవక్త చూపించినది యెరూషలేము కాదు, యూదా కుటుంబములలో లెక్కకు రాని బేత్లెహేము. తల్లిగా ఏర్పరచబడినది నజరేతులోని ఒక పడుచు. ఆమెకు ఆస్తి ఉన్నట్లు గాని, పేరున్న వంశమని గాని లూకా వ్రాయలేదు. యోసేపు దావీదు వంశస్థుడే, కాని ఆ వంశమునకు అప్పటికి సింహాసనము లేదు. అతని చేతిలో వడ్రంగి పనిముట్లు మాత్రమే ఉన్నవి.

లూకా 2:24లో ఒక చిన్న మాట ఉన్నది. శుద్ధీకరణ దినమున వారు గువ్వలనో పావురపు పిల్లలనో అర్పించుటకు వెళ్లారు. లేవీయకాండము 12:8 చూడండి. గొఱ్ఱెపిల్లను కొనే స్తోమతు లేనివారికి ధర్మశాస్త్రమిచ్చిన మినహాయింపు అది. దేవుని గొఱ్ఱెపిల్లను ఒడిలో పెట్టుకొన్న తల్లి, అర్పణకు ఒక గొఱ్ఱెపిల్లను కొనలేకపోయినది!

మొదటి సువార్త విన్నవారు పొలములో రాత్రి కాపలా కాస్తున్న గొఱ్ఱెల కాపరులు. నైట్ డ్యూటీ చేసినవారికి ఈ సంగతి ఇతరులకంటె బాగుగా అర్థమగును. ఊరంతా నిద్రపోయినప్పుడు మేలుకొని ఉండవలసినవారికే ఆ వార్త ముందు అందినది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. దేవునికి పేదరికము ఇష్టమని లేఖనము చెప్పుటలేదు. మరియ పాడిన కీర్తనను శ్రద్ధగా చదివితే, దీనులను ఆయన ఎక్కడ ఉన్నవారిని అక్కడే ఉంచడనియు, లేవనెత్తుననియు తెలియును. అలాగే పౌలు కొరింథీయులకు వ్రాస్తూ, పిలువబడినవారిలో జ్ఞానులు, ఘనులు అనేకులు లేరన్నాడే గాని, ఒక్కరును లేరనలేదు. జ్ఞానులు తూర్పునుండి వచ్చారు, నీకొదేము రాత్రివేళ వచ్చాడు. వారికి తలుపు మూయబడలేదు. అయితే ఎవరును తన గొప్పతనమును టిక్కెట్టుగా చూపి లోపలికి రాలేరు.

2. ఒంగోలులో తెరువబడిన వాక్యము

ఈ సత్యము మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలో ఎలా నెరవేరినదో మన పిల్లలకు చెప్పవలెను. శామ్యూల్ డే దొరగారు 1837లో మద్రాసుకు వచ్చి, 1840లో నెల్లూరుకు వెళ్లారు. అనేక సంవత్సరములు ఫలము బహు స్వల్పము. 1853లో అమెరికాలో ఈ మిషనును మూసివేయవలెనా అని చర్చ జరిగినది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు ఐదుగురే: జ్యూయెట్ దంపతులు, వారితోపాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు. అదే నేటి ప్రార్థన కొండ.

1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టారు. పట్టణములోని బ్రాహ్మణులు ఆయనను ఆదరించి, తమ పిల్లలను ఆయన బడికి పంపారు. పెద్ద కులములవారు ముందు వస్తే తక్కినవారు వెనుక వస్తారని ఎవరైనా అనుకొందురు. కాని పల్లెలనుండి మాదిగలు వచ్చి ప్రభువును వెంబడింతుమన్నారు. వీరిని చేర్చుకొంటే మా పిల్లలు రారని పెద్దలు తెలియజేశారు.

ఏమి చేయవలెను? ఆ తరువాత జరిగినదానిని క్లౌగారే తన జీవిత కథలో చెప్పారు. కలతతో తన గదిలోకి వెళ్లి ఒక క్రొత్త నిబంధన చేతికి తీసుకోగా, అది 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము దగ్గర తెరుచుకొన్నది. లోకములో నీచులని, తృణీకరింపబడినవారని ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పే భాగమే అది. ఆ సంగతి భార్యకు చెప్పబోతే, వేరొక గదిలో ఆమెకును అదే భాగము తెరుచుకొన్నదని తెలిసినది. వారు ఇక సందేహించలేదు. పెద్ద కులముల పిల్లలు బడి విడిచి వెళ్లిపోయారు.

ప్రతి సమస్యకు బైబిలు తెరిచి కనబడిన వచనమును తీసుకొనుడని మేము చెప్పుటలేదు. ఆ రోజు క్లౌగారికి దొరికినది క్రొత్త ఉపదేశము కాదు, బేత్లెహేము నాటి నుండి ఉన్నదే. దానికి లోబడుటకు ఆయన చెల్లించిన వెల గమనించవలెను.

3. ఎన్నుకొనబడినవాడు ఊరకుండలేదు

యెర్రగుంట్ల పేరయ్యగారిని జ్ఞాపకము చేసికొనుడి. ఆయన కనిగిరి ప్రాంతపు మాదిగ, తోళ్ల వ్యాపారి. వ్యాపారము మీద ఉత్తరమునకు వెళ్లినప్పుడు ఏలూరులో అలెగ్జాండరు దొరగారి వలన సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మము పొందాడు. చదువురాదు. చదువు ఆయనకు అందనివ్వని కాలమది. అయినను తోళ్ల బేరములో తాను ఎరిగిన త్రోవలే, తాను ఎరిగిన మనుష్యులే ఆయనకు సేవాక్షేత్రమైనవి. 1867 జనవరిలో క్లౌగారు ఆ ఊరికి వెళ్లేసరికి జనులు సిద్ధపడి ఉన్నారు. ఆ దినములలో 28 మంది బాప్తిస్మము తీసుకొన్నారు. దొర విత్తుటకు రాకముందే ఆ చేను దున్నబడి యున్నది.

దేవుడు పేరయ్యగారిని ఏర్పరచుకొన్నది జాలిపడి దానమిచ్చుటకు కాదు, పనిలో పెట్టుటకు. దీనులను సహాయము పొందేవారిగా మాత్రమే చూచే మనకు ఇది గద్దింపు.

4. మన ఊరి కాలువ సాక్ష్యము

మనము రోజూ చూచే బకింగ్‌హామ్ కాలువ ప్రక్కన ఒక్క నిమిషము నిలుచుందము. ఇప్పుడది మురికి నీరు. దానిమీదనే ఎమ్.ఆర్.టి.ఎస్. రైలు పరుగెత్తుతున్నది. ముక్కు మూసికొని దాటిపోతాము. 1876–78 నాటి గొప్ప కరవులో వేలాదిమంది ఆకలితో ఉండగా, ప్రభుత్వము ఆ కాలువ పనిని కరవు పనిగా పెట్టినది. మన నగరములో కూవము, అడయారు నదులను కలిపే భాగము 1877–78లో అలాగే త్రవ్వబడినది.

ఉత్తరాన ఒంగోలు వైపు క్లౌగారు అదే కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసికొన్నారు. పూర్వము ఆయనకు సర్వే పని తెలిసియుండుట ఉపయోగపడినది. బోధకులు మేస్త్రీలుగా నిలిచారు. పనివారు మన్ను త్రవ్వి, తట్టలు మోసి కూలి తీసికొన్నారు. విశ్రాంతి వేళలలో వాక్యము విన్నారు. అయితే కరవు ఉన్నంతకాలము క్లౌగారు బాప్తిస్మములు ఇవ్వలేదు. గంజి కొరకు మతము పుచ్చుకొన్నారనే నింద ఆ బీదలమీద పడకూడదని ఆయన ఉద్దేశము. సహాయపు సొమ్ము నిలిచిపోయిన తరువాత కూడ వారు వచ్చి, మాకు డబ్బు వద్దు, బాప్తిస్మమే కావలెనన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ 1878లోనే జ్యూయెట్ దొరగారు తెలుగువారి మధ్య పని చేయుటకు మద్రాసుకు వచ్చారు.

5. మన ముందున్న ప్రశ్న

మన తాతలు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలనుండి కూలి వెదకికొంటూ ఈ నగరమునకు వచ్చారు. వీధులు ఊడ్చారు, మురుగు ఎత్తారు, మూటలు మోశారు. రేకుల షెడ్డులలో ప్రార్థన కూడికలు మొదలుపెట్టారు. నేడు వారి మనుమలలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు ఉన్నారు. ఇది ప్రభువు లేవనెత్తిన కృప. స్తోత్రము! కాని మన తాతలు చేసిన పని పేరెత్తితే మన పిల్లలు తల దించుకొంటున్నారా? అది వారికి నేర్పినది ఎవరు?

మా తప్పు ఒకటి ఒప్పుకొందుము. ఒక క్రిస్మసు ఆరాధనకు, అపార్ట్‌మెంటు కట్టడపు పనికి ఆంధ్రనుండి క్రొత్తగా వచ్చిన కొందరు తెలుగువారు పని బట్టలతోనే మా మందిరమునకు వచ్చారు. లోపల చోటు చాలలేదు. వారిని బయట షామియానాలో కూర్చోమన్నాము. కఠినమైన మాట ఒక్కటియు అనలేదు. అయితే మాలో ఒక్కరమైనను లేచి మా కుర్చీ ఇవ్వలేదు. ఆరాధన ముగిసి బయటకు వచ్చేసరికి వారు వెళ్లిపోయారు. ఆ రోజు ప్రసంగము గొఱ్ఱెల కాపరులను గురించే.

ఒంగోలు పెద్దలు క్లౌగారికి పెట్టిన షరతు మన తాతలకు తలుపు మూసేది. ఆ షరతును ఇప్పుడు మనము నోటితో పెట్టుటలేదు. కూర్చోబెట్టే చోటుతో, కమిటీలలోని పేర్లతో, పెండ్లి సంబంధాలలో అడిగే ప్రశ్నలతో పెడుతున్నాము. సత్రములో స్థలము లేదన్న మాట బేత్లెహేముతో ముగియలేదు.

దేవుని యెదుట ఏ శరీరియు అతిశయింపకూడదనుటయే ఆయన ఎన్నికయొక్క ఉద్దేశమని పౌలు చెప్పుచున్నాడు. దీనులుగా ఏర్పరచబడి, ఘనులుగా మారి, దీనులను మరచిపోతే, మన ఎన్నికను మనమే కాదనుకొన్నవారమగుదుము. ఈ ఆగమన కాలములో మన కుర్చీనుండి లేచుటతో మొదలుపెట్టుదము. ప్రభువు వచ్చినప్పుడు ఏ బట్టలతో వచ్చునో మనకు తెలియదు గదా!

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మీ కుటుంబములో మొదట ప్రభువును నమ్మినవారు ఎవరు? వారు ఏ పని చేసేవారు? పిల్లలకు ఈ వారమే చెప్పుడి.
2. మన సంఘములో ఎన్నడును సాక్ష్యము చెప్పమని అడుగబడనివారు ఎవరు?
3. మన వీధిని శుభ్రము చేసే సహోదరుని పేరు మీకు తెలియునా?

ప్రార్థన: తండ్రీ, నీవు మమ్మును ఎక్కడనుండి తీసికొంటివో మరువనీయకుము. నీవు పంపువారిని మా మధ్యకు చేర్చుకొనే హృదయము మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.