ఏరి పెట్టే యంత్రం - దానికి తగిన కంట్రోలర్ బోర్డు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఎలక్ట్రానిక్స్ లేని ఇల్లు ఈనాడు అరుదు. చేతిలోని సెల్‌ఫోను మొదలు బోరు దగ్గరి స్టార్టరు డబ్బా దాకా చాలా వస్తువుల్లో ఒక సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దానిమీద ఆవగింజంత రెసిస్టర్లు, కెపాసిటర్లు వరసగా కూర్చుని ఉంటాయి. వాటిని అక్కడ కూర్చోబెట్టేది ‘పిక్ అండ్ ప్లేస్’ యంత్రం. తెలుగులో చెప్పుకోవాలంటే ఏరి పెట్టే యంత్రం. అలాంటి యంత్రాన్ని విద్యార్థులు సొంతంగా కట్టుకోవచ్చునా, కడితే దానికి ఏ కంట్రోలర్ బోర్డు కొనాలి, దాన్ని ఎలా అమర్చాలి అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇందులో పుస్తకంలో చదివింది కొంత, మా చేతులు కాల్చుకుని తెలుసుకున్నది కొంత.

మాకెందుకు అవసరమైంది?

మాది వ్యవసాయ కుటుంబం. మిరప చేలో నేల తడి ఎంత ఉందో కొలిచి చెప్పే చిన్న పరికరాన్ని మా ల్యాబులో తొమ్మిది మందిమి కలిసి తయారు చేశాం. మొదటిది పనిచేసింది. మా ఊళ్ళో చూసినవాళ్ళు తమకూ కావాలన్నారు. లెక్క నలభైకి వచ్చింది. ఒక్కో బోర్డు మీద 58 భాగాలు. అంటే మొత్తం 2,320. ఒక్కో భాగం పొడవు 1.6 మిల్లీమీటర్లు, వెడల్పు 0.8. ట్వీజర్లతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి పెడితే ఒక్క బోర్డుకే రెండు గంటలు పట్టింది. తుమ్మితే మళ్ళీ మొదలు! పెద్ద ఫ్యాక్టరీకి నలభై బోర్డుల పని లెక్కలోకి రాదు. సరే, యంత్రమే కడదాం అనుకుని తలా పదిహేను వందలు వేసుకున్నాం. నా వాటా నాన్న మిరపకాయలు అమ్మి ఇచ్చిన డబ్బు.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

ఒక తల ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానికి సన్నని గొట్టంలాంటి నాజిల్ ఉంటుంది. నాజిల్ కిందికి దిగి, గాలి పీల్చి భాగాన్ని పట్టుకుంటుంది. కింద ఉన్న కెమెరా ఆ భాగం ఎంత వంకరగా పట్టుబడిందో చూస్తుంది. దాన్నిబట్టి నాజిల్ తిరిగి, భాగాన్ని సోల్డర్ పేస్టు మీద సరిగ్గా పెడుతుంది. నాట్లు వేసే కూలీ చేసే పని ఇదే. కట్టనుంచి మొక్క తియ్యడం, తాడు వెంట గుచ్చడం.

దీనికి కావలసిన తెలివి అంతా కంప్యూటరులో ఉంటుంది. ఓపెన్ పిఎన్‌పి అనే ప్రోగ్రామును జేసన్ వాన్ నీడా అనే అమెరికన్ మొదలుపెట్టి, ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఉచితంగా విడుదల చేశాడు. స్టీఫెన్ హాస్ రూపొందించిన ల్యూమెన్ పిఎన్‌పి అనే యంత్రం నమూనాలు కూడా అలాగే బహిరంగంగా దొరుకుతాయి. మేం ఎక్కువగా దాన్నే చూసి నేర్చుకున్నాం.

అయితే కంప్యూటరు నేరుగా మోటారును తిప్పలేదు. అది “ఇక్కడికి వెళ్ళు” అని జి-కోడ్ అనే భాషలో ఒక వాక్యం పంపుతుంది. దాన్ని చదివి, ఏ మోటారుకు ఎప్పుడు ఎన్ని విద్యుత్ స్పందనలు ఇవ్వాలో లెక్కగట్టేది కంట్రోలర్ బోర్డు. కంప్యూటరు ఆసామి, మోటార్లు కూలీలు అనుకుంటే, మధ్య ఉన్న మేస్త్రి ఈ బోర్డు. మేస్త్రి మంచివాడు కాకపోతే పని ఎలా ఉంటుందో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు.

మొదటి లెక్క: మోటార్లు ఎన్ని?

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ధర చూసి, చవకగా దొరికే ఆర్డ్వినో యూనో, దానిమీద జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాము చాలునని అందరికీ నేనే నచ్చజెప్పాను. అది చెడ్డది కాదు. చిన్న చెక్కుడు యంత్రాలకు ఎంతో పేరు పొందింది. కాని అది నడిపేది మూడు అక్షాలనే: ఎక్స్, వై, జెడ్. మన యంత్రంలో నాజిల్ తిరగాలి గదా! అది నాలుగో అక్షం. రెండు నాజిళ్ళుంటే అయిదు. వై వైపు బరువు ఎక్కువని రెండు పక్కలా రెండు మోటార్లు పెడితే ఆరు డ్రైవర్లు. ల్యూమెన్ పిఎన్‌పి బోర్డులో సరిగ్గా ఆరు ఉన్నాయి. పైగా పంపులకు, వాల్వులకు స్విచ్చులు కావాలి. నాజిల్ నిజంగా భాగాన్ని పట్టుకుందా లేదా తెలియడానికి గాలి ఒత్తిడి కొలిచే సెన్సారు కావాలి. ఇవన్నీ కాగితం మీద రాసుకోకుండా నేను బోర్డు కొన్నాను. ఇంటికి వెళ్ళి చెబితే నాన్న ఒకటే మాట అన్నాడు: “పొలమెంతో చూసుకోకుండా ఎడ్లను కొన్నావుట్రా?”

చేతిలో 3డి ప్రింటరు బోర్డు ఉన్నవారు మార్లిన్ అనే ఫర్మ్‌వేర్‌తో నెట్టుకురావచ్చు. కాని ఒక మెలిక ఉంది. పాత మార్లిన్‌లో ఎక్స్, వై, జెడ్ పోగా మిగిలింది ప్లాస్టిక్ తీగను నెట్టే ‘ఈ’ అక్షం మాత్రమే. నాజిల్‌ను దానికి తగిలిస్తే, వేడి ఎక్కనిదే అది తిరగనంటుంది! ఎం302 అనే ఆజ్ఞతో ఆ కాపలాను తీసెయ్యాలి. తర్వాత వచ్చిన మార్లిన్‌లో ఏ, బి, సి అనే తిరిగే అక్షాలకు చోటు ఉంది. కాబట్టి కొత్త రూపాన్నే ఎక్కించుకోవడం మేలు.

రెండవ లెక్క: అడుగులు

మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. ఒక్కో అడుగును డ్రైవరు 16 ముక్కలు చేస్తే 3,200. పుల్లీకి 20 పళ్ళు, పళ్ళ మధ్య దూరం 2 మిల్లీమీటర్లు అయితే ఒక చుట్టుకు బెల్టు 40 మిల్లీమీటర్లు జరుగుతుంది. కాబట్టి

3,200 ÷ 40 = 80 అడుగులు, మిల్లీమీటరుకు.

అంటే ఒక్కో అడుగు 0.0125 మిల్లీమీటర్లు. మన పనికి ఇది చాలు. నాజిల్ తిప్పే మోటారుకైతే 3,200ను 360తో భాగించాలి. డిగ్రీకి 8.889 అడుగులు వస్తాయి.

ఇప్పుడు సెకనుకు 500 మిల్లీమీటర్ల వేగం కావాలంటే బోర్డు 500 × 80, అంటే సెకనుకు 40,000 స్పందనలు ఇవ్వాలి. యూనో మీది జీఆర్‌బీఎల్ పరిమితి సుమారు 30,000. స్మూతీబోర్డు ఫర్మ్‌వేర్ మామూలుగా లక్ష దాకా ఇస్తుంది. అడుగుకు 0.9 డిగ్రీల మోటారు వాడితే ఈ అవసరం రెండింతలవుతుంది. కొనేముందు ఈ రెండు గుణకారాలు చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

వేగమా, త్వరణమా?

మన ఫిజిక్సు పాఠం ఇక్కడ పనికొచ్చింది. త్వరణం సెకనుకు సెకనుకు 2,000 మిల్లీమీటర్లు, గరిష్ఠ వేగం 500 అనుకుందాం. ఆ వేగం అందుకోవడానికే 62.5 మిల్లీమీటర్లు కావాలి, ఆగడానికి మరో 62.5. దూరం 200 అయితే మధ్యలో 75 మాత్రమే పూర్తి వేగంతో వెళుతుంది. మొత్తం 0.65 సెకను. అదే పక్కనున్న భాగానికి 10 మిల్లీమీటర్లు వెళ్ళాలంటే తల 141 వేగం దాటకముందే ఆగడం మొదలుపెట్టాలి. అక్కడ గరిష్ఠ వేగం వెయ్యి అని రాసినా ఒరిగేదేమీ లేదు. కనుక అట్టపెట్టె మీద రాసిన వేగాన్ని చూసి మోసపోకూడదు. వణుకు పుట్టకుండా ఎంత త్వరణం తట్టుకుంటుందో చూడాలి.

12 వోల్టులకంటె 24 వోల్టులు మేలు అనడానికి కారణం కూడా పాఠంలో ఉన్నదే. మోటారు చుట్టలో కరెంటు మారే రేటు వోల్టేజీని బట్టి ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ కరెంటు త్వరగా మారాలి. వోల్టేజీ చాలకపోతే బలం తగ్గి అడుగులు తప్పుతాయి.

‘సరే’ అంటే ఏమిటి?

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. రెండోసారి ఆరు డ్రైవర్ల బోర్డు కొన్నాం. అన్నీ తిరిగాయి. కాని పెట్టిన భాగాలన్నీ ఏదో ఒక పక్కకు జరిగిపోయేవి. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. వారం రోజులు బెల్టులు బిగించాం, స్క్రూలు బిగించాం, ఒకరినొకరు తిట్టుకున్నాం. మరొకసారి బోర్డు తప్పు కొన్నానేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు.

చివరికి దొరికిన కారణం చిన్నది. ఆజ్ఞ పంపగానే బోర్డు ‘ఓకే’ అని జవాబిస్తుంది. మేం దాన్ని “పని అయిపోయింది” అనుకున్నాం. దాని అర్థం అది కాదు. “మీ మాట విన్నాను, వరసలో పెట్టుకున్నాను” అని మాత్రమే. తల ఇంకా కదులుతూనే ఉంటుంది. కంప్యూటరు అప్పుడే కెమెరాతో ఫొటో తీసేస్తోంది. కదిలే భాగం ఫొటో చూసి లెక్క వేస్తే లెక్క తప్పక ఏమవుతుంది? మేస్త్రి “అలాగే బాబూ” అన్నంతమాత్రాన నాట్లు పడినట్టు కాదు గదా!

దీనికి మందు ఎం400. కదలికలన్నీ పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు జవాబివ్వమని దాని అర్థం. ఓపెన్ పిఎన్‌పిలో కదలిక పూర్తయిందని తెలుసుకునే ఆజ్ఞ రాసే చోటు వేరుగా ఉంది. మరొకరి సెట్టింగులు కాపీ కొట్టడంలో నేను దాన్ని ఖాళీగా వదిలేశాను. మార్లిన్, స్మూతీ, డ్యూయెట్ బోర్డులన్నీ ఎం400ను అర్థం చేసుకుంటాయి. జీఆర్‌బీఎల్‌లో అది లేదు. జి4 అనే విరామపు ఆజ్ఞతో పని గడుపుకోవాలి. తల ఆగాక కూడా కొంచెంసేపు వణుకుతుంది కనుక కెమెరాకు ‘కుదురుకునే’ వ్యవధి కూడా ఇవ్వాలి.

అమర్చే వరస

మా తర్వాత వచ్చేవారికోసం మేం పాటించిన వరస ఇస్తున్నాను.

1. బెల్టు విప్పి, ఒక్కో మోటారు సరైన దిక్కుకు తిరుగుతోందా చూడాలి.

2. కరెంటు పెట్టాలి. ఎం906 ఆజ్ఞలో మిల్లీ ఆంపియర్లలో రాయాలి. మోటారు మీద రాసిన దానిలో అరవై శాతంతో మొదలుపెట్టడం క్షేమం. మేం మొదట్లో ఎక్కువ పెట్టి, ప్లాస్టిక్ బిగింపు మెత్తబడేలా చేసుకున్నాం.

3. లిమిట్ స్విచ్చులను వేలితో నొక్కుతూ ఎం119తో పరీక్షించాలి. ఆ తర్వాతే జి28 ఇచ్చి తలను ఇంటికి పంపాలి. చేతిని మాత్రం పవరు స్విచ్చు మీద ఉంచండి.

4. వంద మిల్లీమీటర్లు కదిలించి స్కేలుతో కొలవాలి. 99.6 వస్తే, 80ని 100తో హెచ్చించి 99.6తో భాగిస్తే 80.32. ఎం92లో అది రాసి ఎం500తో భద్రపరచాలి.

5. వేగానికి ప్రమాణం గమనించాలి. కదలిక ఆజ్ఞలోని ఎఫ్ నిమిషానికి మిల్లీమీటర్లు. మార్లిన్‌లో ఎం203 సెకనుకు; డ్యూయెట్‌లో అదే ఎం203 నిమిషానికి! అరవై రెట్ల తేడా.

6. తర్వాత పంపులు, వాల్వులు, ఒత్తిడి సెన్సారు. చివరికి ఎం400. అది సరిగ్గా ఉందని తేలాకనే కెమెరా జోలికి వెళ్ళాలి.

ముగింపు

ఇది రాసేనాటికి మా యంత్రం 26 బోర్డులు పూర్తి చేసింది. ఒక్కో భాగానికి ఆరేడు సెకన్లు తీసుకుంటుంది. ఫ్యాక్టరీ యంత్రంతో పోలిస్తే నత్తనడకే. అయినా అది తుమ్మదు, దాని చెయ్యి వణకదు. మిగిలిన 14 ఈ సెలవుల్లోపల పూర్తి చెయ్యాలి. ఊళ్ళోవాళ్ళకు మాట ఇచ్చాను గనుక.

మొత్తంమీద నేను నేర్చుకున్నది ఇది. బోర్డు ఎంత చవక, ఎంత వేగం అనేవి తర్వాతి ప్రశ్నలు. చెయ్యాల్సిన పని ఎంత, ఆ పని అయిందో లేదో నిజం ఎలా చెప్పించుకోవాలి అనేవి ముందు ప్రశ్నలు.

నేను మొదట కొన్న మూడు అక్షాల బోర్డు మా ల్యాబు బీరువా కింది అరలో ఉంది. బొమ్మలు గీసే చిన్న యంత్రానికి అది భేషుగ్గా సరిపోతుంది. జూనియర్ మిత్రులెవరైనా వచ్చి తీసుకుంటే, ఆ మిరపకాయల డబ్బు వృథా పోలేదని నాన్నతో చెప్పుకుంటాను.