పెద్ద వయసు కుక్కను తెచ్చుకుంటున్నారా?
కొత్త ఇంట కుదురుకునేదాకా ఓపిక పట్టాలి

పొలం కౌలుకిచ్చి పట్నం పోయేవారు, కూలి పనులకు వలస వెళ్లేవారు, మందను అమ్ముకున్న గొర్రెల కాపరులు ఇంటి కుక్కను వెంట తీసుకుపోలేరు. తెలిసినవారికి ఎవరికో అప్పగించి పోతారు. చేను కాపలాకు, మేకల దొడ్డికి తోడుగా అలాంటి కుక్క సన్నకారు రైతుకు బాగా అక్కరకొస్తుంది. పిల్లను తెచ్చి సాకితే చేతికి అందిరావడానికి ఏడాది పడుతుంది. ఆరేడేళ్ల కుక్కకు కాపలా ముందే తెలుసు.

అయితే తెచ్చిన వారంలోపే తాడు కొరుక్కుని పాత ఊరి దారి పట్టడం, రోడ్డు మీద లారీ కింద పడడం, పక్కింటి కోళ్లను పట్టడం, పిల్లలను కరవడం చాలా ఊళ్లలో చూస్తున్నదే. కోడి పోతే గొడవ, పిల్లవాడిని కరిస్తే ప్రాణభయం. ‘పాడు కుక్క’ అని తరిమేస్తారు. నిజానికి దానికి కుదురుకునే వ్యవధి ఇవ్వకపోవడం వల్లే ఇవి ఎక్కువగా జరుగుతాయి.

తెచ్చుకునే ముందు

పాత యజమానిని నాలుగు సంగతులు అడగాలి. ఏం పేరుతో పిలుస్తారు? ఏం తింటుంది, ఏ వేళకు తింటుంది? కోళ్లు, మేకల మధ్య తిరిగిందా? ఎవరినైనా కరిచిందా? పేరు మార్చొద్దు. కొత్తచోట దానికి తెలిసిన మాట అదొక్కటే. అది పడుకునే పాత గోనెపట్టా కూడా అడిగి తెచ్చుకోవాలి. ఆ వాసన ఉంటే కొత్తచోట బెదురు తగ్గుతుంది.

వీలైతే పాత యజమానే వెంట వచ్చి, మీ ఇంట్లో తన చేత్తో ఒక పూట అన్నం పెట్టి వెళ్లాలి. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆయన కనబడకపోతేనే మంచిది. కనబడితే కుక్క మనసు మళ్లీ అటే లాగుతుంది.

ముందు పశువైద్యశాలకు

టీకా వేయించినట్లు చీటీ లేకపోతే వేయించలేదనే లెక్క. రేబిస్ టీకా వెంటనే వేయించి, ఆ తర్వాత ఏటా తప్పకుండా వేయించాలి. టీకా పూర్తిగా పనిచేయడానికి సుమారు నెల పడుతుంది.

నులిపురుగుల మందు మరీ ముఖ్యం. కుక్క పేగుల్లోని ఒక రకం బద్దె పురుగు గుడ్లు మలంతో పాటు గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు మెదడులో నీటిబుడగ పెరిగి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంది. ఇంకో రకం పురుగు గుడ్లు మనుషుల కడుపులోకి వెళితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో బుడగలు పెరుగుతాయి. అందుకే మందు తాగించాకే కుక్కను మంద దగ్గరికి పోనివ్వాలి. ఎంత మోతాదు, మళ్లీ ఎప్పుడు అన్నది దాని బరువును బట్టి డాక్టరు చెబుతారు. కోసిన గొర్రె తలకాయ, పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు ఎప్పుడూ వేయకూడదు.

పిడుదులు పట్టాయని పత్తికి కొట్టే పురుగుమందు నీళ్లలో కలిపి ఒంటికి పూయొద్దు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, ప్రాణం పోతుంది. మనం వేసుకునే నొప్పుల మాత్రలు కూడా పనికిరావు.

మొదటి మూడు రోజులు

ఇంటికి ఓ పక్కగా, నీడపట్టున చోటు చూపాలి. ఎనిమిది పది అడుగుల తాడుతో కట్టాలి. మెడపట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్లు దూరాలి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చుట్టూ జనం మూగకూడదు. ఒకటి రెండు పూటలు తినకపోయినా కంగారు పడొద్దు. రెండు రోజులైనా ఏమీ ముట్టకపోతే, లేదా నీళ్లు కూడా తాగకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో ఒక్కరే తిండి పెడుతూ, పొద్దున, సాయంత్రం తాడు పట్టుకుని తిప్పాలి. అలవాటైన తిండే నాలుగైదు రోజులు పెట్టి, తర్వాత మన ఇంటి అన్నం, సంగటి కొద్దికొద్దిగా కలుపుతూ వారంలో మార్చుకోవాలి. కారం కూరలు, ఉల్లిపాయలు, ఉడికిన ఎముకలు పెట్టొద్దు. ఉడికిన ఎముక పెళుసై, చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

మూడు వారాల దాకా

ఈ రోజుల్లో రాత్రిపూట చేలో ఒంటరిగా వదిలేయకూడదు. కోళ్లు, మేకలను తాడు మీద ఉంచే దూరం నుంచి చూపాలి. కుదురుగా కూర్చుంటే చిన్న ముద్ద పెట్టాలి. రోజూ కాస్త దగ్గరికి తేవాలి. ఇంట్లో ముందే కుక్క ఉంటే రెండింటినీ ఇంటి బయట, ఎవరిదీ కాని చోట కలపాలి. తిండి వేర్వేరు చోట్ల పెట్టాలి.

పిల్లలకు గట్టిగా చెప్పాలి: తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దు. వయసు మళ్లిన కుక్కకు చెవులు, కళ్లు మందగిస్తాయి. వెనక నుంచి తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది. గుర్రుమంటే కొట్టొద్దు. గుర్రుమనడం అది చెప్పే హెచ్చరిక. దానికి దెబ్బలు తింటే ఈసారి చప్పుడు చేయకుండానే కరుస్తుంది. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం, నాటుమందులు పూయకూడదు.

మూడు నెలలకు

పిలిస్తే రావడం, ఇంటివాళ్లు ఎవరో, కొత్తవాళ్లు ఎవరో గుర్తించడం, మంద వెంట నడవడం కనిపిస్తే కుదురుకున్నట్లే. కొన్ని నెలలోపే కుదురుకుంటాయి, కొన్నింటికి ఆరు నెలలు పట్టొచ్చు. ఇప్పుడు చేను దగ్గరికి తీసుకెళ్లవచ్చు. ఎలుకల కోసం పెట్టిన జింక్ ఫాస్ఫైడ్ ఎర, మందు పట్టించిన విత్తనాలు, యూరియా కలిపిన నీళ్ల తొట్టి దాని నోటికి అందకుండా చూడాలి. పెద్ద కుక్క మొరిగి మనల్ని లేపుతుంది. అడవిపంది మీదికి ఉసిగొల్పితే ప్రాణం మీదికి వస్తుంది.

గుర్తుంచుకోవాల్సినవి

• పాత పేరు, పాత గోనెపట్టా, పాత తిండి మొదట మార్చొద్దు.
• మంద దగ్గరికి పంపే ముందే టీకా, నులిపురుగుల మందు.
• మూడు వారాలు తాడు మీదే తిప్పాలి.
• గుర్రుమంటే కొట్టొద్దు, వెనక్కి తగ్గండి.
• కరిస్తే సబ్బు నీళ్లతో కడగడం, ఆ వెంటనే ఆసుపత్రి.
• కుదరక ఇచ్చేయాల్సి వస్తే రోడ్డు మీద వదలొద్దు. పాత యజమానికో, చూసుకోగల మరొకరికో అప్పగించండి.