అంత ఉన్నా ఇంకా పనెందుకు?

బంగారుపాళ్యం మామిడి మండీలో ఆడవాళ్ళు కాయలు ఏరుతుంటారు. చేతులు పని చేస్తుంటే నోళ్ళు ఊరుకుంటాయా? ఒకామె అంటుంది. "మూడు తరాలు కూర్చుని తిన్నా తరగదంట వాళ్ళకు. అయినా పొద్దున్నే లేచి పనికి పోతారెందుకబ్బా? అంత దుడ్డు నాకుంటే మంచం దిగను."

అందరూ నవ్వుతారు. కానీ అడగవలసిన ప్రశ్నే.

జవాబు కోసం దూరం పోనక్కరలేదు. తవణంపల్లె మండలంలో అరగొండ ఉంది. అర్ధగిరి ఆంజనేయస్వామి గుడి అక్కడిదే. సంజీవని కొండలో సగం విరిగి అక్కడ పడిందని పెద్దలు చెబుతారు. కోనేటి నీళ్ళు జబ్బులకు మంచివని జనం సీసాల్లో పట్టుకుపోతారు. ఆ ఊరి మనిషే ప్రతాప్ సి. రెడ్డి. 1933లో పుట్టారు. అపోలో ఆసుపత్రులు పెట్టింది ఆయనే.

ఆయన మద్రాసులో డాక్టరు చదువు చదివారు. అమెరికా పోయి గుండె డాక్టరుగా పని చేశారు. తిరిగి రమ్మని తండ్రి ఉత్తరం రాశారు. ఆయన వచ్చేశారు. ఒక ఉత్తరానికి ఎంత బలముందో చూడండి!

1979లో ఆయన దగ్గరికి ఒక రోగి వచ్చాడు. వయసు 38. గుండె ఆపరేషన్ కావాలి. దానికి అమెరికా పోవాలి. అంత డబ్బు కూడలేదు. అతను చనిపోయాడు. భార్య, చిన్న పిల్లలు మిగిలారు. ఆ ఆపరేషన్ ఇక్కడే జరగాలని డాక్టరు పట్టుబట్టారు. 1983లో మద్రాసులో 150 పడకలతో మొదటి ఆసుపత్రి తెరిచారు. అప్పటికి ఆయన వయసెంత? లెక్క వేయండి. యాభై. చాలామంది ఇక చాలు అనుకునే వయసు.

2023లో ఆయనకు 90 నిండాయి. అప్పటికీ ఛైర్మన్ ఆయనే. ఆయనకు నలుగురు ఆడపిల్లలు. నలుగురూ ఆ సంస్థ పనిలోనే ఉన్నారు. అయినా ఆయన కుర్చీ దిగలేదు.

డబ్బు కోసమా? కొంత అవును. అపోలో లాభం చూసుకునే కంపెనీ. పెద్ద ఆసుపత్రి బిల్లు కూలి చేసుకునే ఇంటికి అందేది కాదు. సేవ ఒక్కటే అనుకుంటే అది సగం మాటే. కానీ ఎంత ఉన్నా మనిషి తినేది పిడికెడే కదా. అందుకని డబ్బు ఒక్కటే అన్నా సగం మాటే.

తోట పెంచినామెను చూడండి. మామిడి పూతకొచ్చే రోజుల్లో ఆమె ఇంట్లో ఉండగలదా? పొగమంచు పడితే నిద్ర పట్టదు. చేత్తో పెంచినదాన్ని వదలడం కష్టం. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు. కుర్చీ దిగితే గుమ్మం ముందు ఎవరు నిలబడతారు? మాట ఎవరు వింటారు? ఆ భయం కలిగినవాళ్ళకు మరీ ఎక్కువ.

అందరూ ఒకేలా ఉండరు. పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో అమరరాజా బ్యాటరీల కంపెనీ పెట్టారు. 2021లో, 83 ఏళ్ళ వయసులో, ఛైర్మన్ పదవి కొడుక్కు అప్పగించి తప్పుకున్నారు.

ఇప్పుడు మండీలో కాయలు ఏరే అవ్వ సంగతి. ఆమెకూ అరవై దాటాయి. 2024 నుంచి పింఛను నెలకు 4000 రూపాయలు అయింది. అయినా పనికి వస్తుంది. ఎందుకవ్వా అంటే, "మందులకే సగం పోతాది" అంటుంది. కాసేపాగి, "ఇంట్లో గోడలతో మాట్లాడేదా?" అని కూడా అంటుంది.

రెండో మాట ఆ పెద్దాయన కూడా అనగలరు. మొదటి మాట అనలేరు. జ్వరమొస్తే ఆయన పడుకోవచ్చు. అవ్వ పడుకుంటే ఆ రోజు కూలి పోతుంది. పైగా ఇంటికి పోయాక పొయ్యి, బిందె, అంట్లు ఉంటాయి. వాటికి కూలీ లేదు, పింఛనూ లేదు.

మాట్లాడుకోండి:

రేపటి నుంచి కూలి డబ్బు అవసరం లేదంటే మీరు ఏ పని మానేస్తారు? ఏ పని మానరు? ఎందుకు?

మీ జవాబు పలక మీద రెండు మాటల్లో రాయండి.